బీపీ మాత్ర వేసుకుంటే రాగి జావ మానెయ్యాలా?

ప్రశ్న: మా నాన్నగారికి 62 ఏళ్లు. బీపీకి ఆమ్లోడిపిన్ వాడుతున్నారు. రెండు నెలల కిందట డాక్టరు గారు దాన్ని 5 మి.గ్రా. నుంచి 10 మి.గ్రా.కు పెంచారు. అప్పట్నుంచి సాయంత్రమయ్యేసరికి చీలమండల దగ్గర వాపు వస్తోంది. మందు కాగితంలో ‘కాల్షియం ఛానల్ బ్లాకర్’ అని ఉంది. అది చూసి ఒకాయన ‘ఇది ఒంట్లో కాల్షియాన్ని ఆపేస్తుంది, ఎముకలు గుల్లబారతాయి’ అన్నారట. ఇంకొకాయన ‘కాల్షియం తింటే ఈ మాత్ర పనిచెయ్యదు’ అన్నారట. ఇద్దరి మాటా విని నాన్న పాలు, పెరుగు, రాగి జావ మానేశారు, మాత్రేమో రోజు విడిచి రోజు వేసుకుంటున్నారు. షుగరుకు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ వాడతారు. అమ్మ కూడా భయపడుతోంది, ఆవిడ థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర పొద్దున్నే వేసుకుంటుంది. నేను ఇంటర్లో బైపీసీ చదివాను. అసలు ఈ ఛానల్ ఏమిటో, మాత్ర ఏం చేస్తుందో కొంచెం వివరంగా చెబుతారా? – ఒక పాఠకురాలు, తెనాలి

సమాధానం: ముందు ఇవాళే చెయ్యాల్సినవి. పాలు, పెరుగు, రాగి జావ మళ్లీ మొదలుపెట్టించండి. మాత్రను డాక్టరు గారు చెప్పినట్టు రోజూ వేసుకోమనండి. వాపు సంగతి ఈ వారంలోనే ఆయనకు చూపించండి, అది మాత్ర వల్ల వచ్చి ఉండటానికే ఎక్కువ అవకాశం. మీ ఇంట్లో ఒకదానికొకటి అడ్డుపడుతున్న మాత్రలు నిజంగానే ఉన్నాయి గానీ అవి నాన్నగారివి కావు, అమ్మగారివి. ఆ సంగతి చివర్లో చెబుతాం.

మీ నాన్నగారికి చెప్పిన ఇద్దరూ ఒకే చోట పొరబడ్డారు. ఒంట్లో కాల్షియం ఎంత ఉంది అన్నది ఒక లెక్క. ఒక కణంలోకి ఏ క్షణంలో ఎంత కాల్షియం వెళ్లింది అన్నది పూర్తిగా వేరే లెక్క. ఆమ్లోడిపిన్ పని రెండో లెక్కతోనే.

పెద్దవాళ్ల ఒంట్లో దాదాపు కిలో కాల్షియం ఉంటుంది. అందులో 99 శాతం ఎముకల్లో, పళ్లలో ఉండేదే. రక్తంలో ఉండేది చాలా తక్కువ, 100 మిల్లీలీటర్లకు సుమారు 8.5 నుంచి 10.5 మి.గ్రా. వరకు. ఆ కాస్తనీ శరీరం చాలా కట్టుదిట్టంగా చూసుకుంటుంది. కొద్దిగా తగ్గినా మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు హార్మోను వదులుతాయి. దాంతో ఎముకల నుంచి కొంత కాల్షియం బయటికొస్తుంది, మూత్రంలో పోయేది తగ్గుతుంది, విటమిన్ డి చురుకైన రూపంలోకి మారి పేగుల్లో పీల్పు పెరుగుతుంది. కాబట్టి రెండు గ్లాసుల పాలు తాగినంత మాత్రాన రక్తంలో కాల్షియం ఎగబాకదు, మానేసినంత మాత్రాన పడిపోదు. మానేస్తే లోటు భర్తీ అయ్యేది ఎముకల్లోంచి. నాన్నగారు ఎముకలకు భయపడి ఎముకలకు చెరుపు చేసే పనే చేస్తున్నారన్నమాట.

ఇక కణం లోపలికి వెళదాం. కణం బయట విడిగా తిరిగే కాల్షియం అయాన్లతో పోలిస్తే లోపల, విశ్రాంతిగా ఉన్నప్పుడు, పదివేలో వంతు మాత్రమే ఉంటాయి. ఇంత తేడా ఎందుకు? కణం తన ఇంధనాన్ని ఫాస్ఫేట్ రూపంలో వాడుకుంటుంది. కాల్షియం, ఫాస్ఫేట్ ఎక్కువ మోతాదులో ఒకచోట చేరితే గట్టిపడి అడుగున కూరుకుపోతాయి, ఎముక తయారయ్యేది దాదాపు ఆ పదార్థంతోనే. అందుకని కణం కాల్షియాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తూ ఉంటుంది. తోడే పంపులు నడిచేది కూడా ఆ ఫాస్ఫేట్ ఇంధనంతోనే, దాని పేరు ఏటీపీ. (కండరంలో ఏటీపీని 1929లో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆ పని చేశారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా అదే ఏడాది విడిగా కనుక్కున్నారు.)

ఇలా బయట బోలెడు, లోపల దాదాపు సున్నా ఉంచుకోవడం వల్ల కణానికి ఒక సౌకర్యం దొరికింది. దారి ఒక్క మిల్లీసెకను తెరిచినా ఆ చోట కాల్షియం ఎన్నో రెట్లు పెరుగుతుంది. ఆ పెరుగుదలే సంకేతం. కండరానికైతే బిగుసుకోమని, నరం చివరకైతే రసాయనం వదలమని, క్లోమంలోని బీటా కణానికైతే ఇన్సులిన్ విడుదల చెయ్యమని. ఆ దారి పేరే కాల్షియం ఛానల్.

ఛానల్ అనగానే చాలామంది గొట్టం అనుకుంటారు. అంత మామూలు గొట్టం కాదు. కణపు పొరలో ఇమిడి ఉన్న ఒక పెద్ద ప్రొటీన్ అది. దాని ప్రధాన భాగం ఆల్ఫా-1, సుమారు రెండు వేల అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసు పొరలోంచి 24 సార్లు అటూ ఇటూ దూరి, ఆరేసి ముక్కల చొప్పున నాలుగు గుంపులుగా కుదురుకుని, మధ్యలో సన్నని రంధ్రం వదులుతుంది. పక్కన బీటా, ఆల్ఫా-2-డెల్టా అనే సహాయక భాగాలు ఉంటాయి. ఈ రెండో పేరు గుర్తుంచుకోండి, కాళ్ల వాపు దగ్గర మళ్లీ వస్తుంది.

ప్రతి గుంపులోనూ నాలుగో ముక్క వోల్టేజీని పసిగడుతుంది. దాని మీద ధనావేశం ఉన్న ఆర్జినిన్, లైసిన్ అనే అమైనో ఆమ్లాలు ప్రతి మూడో స్థానంలో వరసగా ఉంటాయి. విశ్రాంతిలో కణం లోపలి వైపు బయటికన్నా 50 నుంచి 90 మిల్లీవోల్టుల దాకా రుణంగా ఉంటుంది. ఎంతన్నది కణాన్ని బట్టి. ఆ రుణావేశం ఈ ముక్కను లోపలికి లాగి పట్టుకుంటుంది. విద్యుత్ సంకేతం వచ్చి లోపలి రుణం తగ్గగానే ముక్క బయటి వైపు జరుగుతుంది. దానితోపాటు రంధ్రం అడుగున మూసి ఉన్న ఆరో ముక్కలు విచ్చుకుంటాయి. తెరుచుకున్న దారిలో సెకనుకు సుమారు పది లక్షల అయాన్ల వేగంతో కాల్షియం లోపలికి దూకుతుంది. ఛానల్ తెరిచి ఉండేది కొన్ని మిల్లీసెకన్లే కాబట్టి ఒక్కో విడతకు వేలల్లోనే వెళతాయనుకోండి.

బైపీసీ చదివారు కాబట్టి ఇంకో సంగతి. బయట విడి కాల్షియం అయాన్లకన్నా సోడియం అయాన్లు వంద రెట్లు ఎక్కువ. రెండింటి పరిమాణమూ దాదాపు సమానమే. కాల్షియం వ్యాసార్ధం 1.00 ఆంగ్‌స్ట్రామ్, సోడియానిది 1.02. జల్లెడ పట్టినట్టు సైజు చూసి వేరు చెయ్యడం కుదరదు. మరి సోడియం ఎందుకు తోసుకురాదు? రంధ్రంలో ఇరుకైన చోట నాలుగు గుంపుల నుంచీ ఒక్కొక్కటి చొప్పున నాలుగు గ్లుటమేట్ అనే అమైనో ఆమ్లాలు లోపలికి చాచి ఉంటాయి, అన్నీ రుణావేశం ఉన్నవే. రెండు ధనావేశాలున్న కాల్షియాన్ని అవి గట్టిగా పట్టుకుంటాయి, ఒకే ఆవేశమున్న సోడియానికి ఆ పట్టు దొరకదు. అంత గట్టిగా పట్టుకుంటే కాల్షియం అక్కడే ఇరుక్కుపోవాలి కదా అంటారేమో. వెనకే ఇంకో కాల్షియం వచ్చి చేరగానే రెండూ ఒకదాన్నొకటి వికర్షించుకుని ముందున్నది లోపలికి పడిపోతుంది. ప్రయోగశాలలో బయటి ద్రవంలోంచి కాల్షియాన్ని పూర్తిగా తీసేస్తే అదే రంధ్రంలోంచి సోడియం ధారాళంగా పోతుంది. సోడియాన్ని అడ్డుకుంటున్నది కాల్షియమే అనడానికి అదే రుజువు.

తెరిచిన దారి మూసుకోవడం కూడా కాల్షియం పనే. లోపలికొచ్చిన కాల్షియం అక్కడే కాచుకుని ఉన్న కాల్మాడ్యులిన్ అనే చిన్న ప్రొటీన్‌కు అంటుకుని ఛానల్‌ను మూయిస్తుంది. ఆ తర్వాత పంపులు తోడేస్తాయి. వచ్చిన కాల్షియం వచ్చినట్టే బయటికి పోతుంది, లేదా కణంలోని సంచుల్లో చేరుతుంది. అందువల్ల ఈ ఛానళ్లను మాత్ర కాస్త నెమ్మదింపజేసినా రక్తంలోని కాల్షియం లెక్క మారదు. నాన్నగారి రక్తంలో కాల్షియం పరీక్ష చేయిస్తే మాత్ర వేసుకోక ముందూ తర్వాతా ఒకేలా ఉంటుంది.

పేగుల్లో తిండిలోని కాల్షియాన్ని పీల్చుకునే ఛానల్ వేరే కుటుంబానిది, దాని పేరు టీఆర్‌పీవీ6. దానికి వోల్టేజీతో పని లేదు, ఆమ్లోడిపిన్ దాన్ని ముట్టుకోదు. ‘ఎముకలు గుల్లబారతాయి’ అన్న మాటకు ఆధారం లేదనడానికి ఇదొక్కటి చాలు.

వోల్టేజీతో తెరుచుకునే కాల్షియం ఛానళ్లలో కూడా చాలా రకాలున్నాయి. ఎల్-రకం గుండెలో, రక్తనాళాల గోడల్లో, ఎముకల కండరాల్లో, బీటా కణాల్లో ఉంటుంది. ఎన్, పీ/క్యూ రకాలు నరాల చివర్లలో, టీ-రకం గుండె లయ పుట్టే చోట, మెదడులో కొన్ని చోట్ల ఉంటాయి. మనం మాట్లాడుకునేది ఎల్-రకం గురించి.

రక్తనాళం గోడలో నునుపు కండరం ఉంటుంది. ఎల్-రకం ఛానల్‌లోంచి వచ్చిన కాల్షియం కాల్మాడ్యులిన్‌తో కలిసి ఒక ఎంజైమును లేపుతుంది. అది కండరాన్ని లాగే మయోసిన్ అనే ప్రొటీన్‌కు ఫాస్ఫేట్ అంటిస్తుంది, కండరం బిగుస్తుంది, నాళం సన్నబడుతుంది. ఛానళ్లు తక్కువ తెరుచుకుంటే నాళం వదులవుతుంది. రవ్వంత వదులైనా ఫలితం పెద్దదే. నాళంలో ప్రవాహానికి ఎదురయ్యే నిరోధం వ్యాసార్ధపు నాలుగో ఘాతానికి విలోమానుపాతంలో ఉంటుంది. వ్యాసార్ధం 10 శాతం పెరిగితే నిరోధం సుమారు 32 శాతం తగ్గుతుంది. బీపీ దిగేది ఇలాగే.

ఆమ్లోడిపిన్ రంధ్రానికి బిరడాలా అడ్డుపడదు. మూడు, నాలుగు గుంపుల మధ్య సందులో పక్కగా చేరి, ఛానల్ మూసుకున్న తీరులోనే ఎక్కువసేపు ఉండేలా చేస్తుంది. ఇలాంటి కాల్షియం ఛానల్ బ్లాకర్లే అయిన వెరాపమిల్, డిల్టియాజెమ్ అలా కాదు, రంధ్రం మధ్యలోకే వెళ్లి కూర్చుంటాయి. మాటిమాటికీ తెరుచుకునే ఛానళ్లను అవి బాగా పట్టుకుంటాయి, అంటే గుండెను. వాటితో గుండె వేగం తగ్గుతుంది. గుండె పంపింగు బలహీనంగా ఉన్నవాళ్లకు, గుండె వేగం తగ్గించే అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి వాడేవాళ్లకు వాటితో జాగ్రత్త అవసరమయ్యేది అందుకే. ఆమ్లోడిపిన్ మాత్రం రక్తనాళాల మీదే మొగ్గు చూపుతుంది. నాళపు కండరం విశ్రాంతిలో కూడా మైనస్ 50 మిల్లీవోల్టుల దగ్గరే ఉంటుంది. ఆ వోల్టేజీలో ఛానళ్లు ఆమ్లోడిపిన్‌కు నచ్చే తీరులో ఎక్కువసేపు ఉంటాయి. గుండె కండరం మైనస్ 90 దాకా దిగుతుంది కాబట్టి ప్రతి రెండు చప్పుళ్ల మధ్యా మందు పట్టు సడలుతుంది.

మరి కాళ్లూ చేతులూ ఎందుకు చచ్చుబడవు? ఎముకల కండరాల్లోనూ ఎల్-రకమే ఉందన్నాం కదా. అక్కడ బయటి కాల్షియం లోపలికి రానక్కర్లేదు. ఛానల్ తన ఆకారం మార్చుకున్న కుదుపే పక్కనున్న సంచి మూతను నేరుగా కదిలిస్తుంది, కావలసిన కాల్షియమంతా ఆ సంచిలోంచే వస్తుంది. గుండెలో మాత్రం బయటినుంచి కొంత రావాల్సిందే, ఆ కొంతే సంచిలోని ఎక్కువ భాగాన్ని విడిపిస్తుంది. 1883లో లండన్‌లో సిడ్నీ రింగర్ కప్ప గుండె ద్వారా చూసింది ఇదే. కుళాయి నీళ్లతో చేసిన ఉప్పు ద్రవంలో కొట్టుకున్న గుండె, శుద్ధి చేసిన నీళ్లతో చేసిన ద్రవంలో ఆగిపోయింది. కుళాయి నీళ్లలోని కాల్షియమే తేడా అని ఆయన తేల్చారు. ఆసుపత్రుల్లో ఎక్కించే రింగర్ ద్రవం పేరు ఆయనదే.

షుగరు గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి, ఎందుకంటే గ్లిమెపిరైడ్ పనిచేసేది కూడా చివరికి కాల్షియం ఛానల్ ద్వారానే. అది బీటా కణంలో పొటాషియం దారిని మూస్తుంది, కణం లోపలి రుణం తగ్గుతుంది, ఎల్-రకం ఛానళ్లు తెరుచుకుంటాయి, కాల్షియం వెళ్లి ఇన్సులిన్ బయటికొస్తుంది. అయితే ఒక మందు తెరుస్తుంటే ఇంకోటి మూస్తోందా? మామూలు డోసులో ఆమ్లోడిపిన్ ప్రభావం రక్తనాళాల మీదే, షుగరు పెరగదు. ఎవరైనా పొరపాటున ఈ మాత్రలు బోలెడు మింగేసినప్పుడు మాత్రం బీపీ పడిపోవడంతోపాటు షుగరు పెరగడం కూడా కనిపిస్తుంది. చిన్నపిల్లలు వచ్చిపోయే ఇల్లయితే మాత్రలు అందకుండా పెట్టండి, పసిపిల్లలకు ఒకటి రెండు మాత్రలు కూడా ప్రమాదమే. ఆసుపత్రిలో అలాంటప్పుడు నరంలోకి కాల్షియం ఎక్కిస్తారు, పెద్ద మోతాదులో ఇన్సులిన్, గ్లూకోజు ఇస్తారు. ‘కాల్షియం తింటే మాత్ర పనిచెయ్యదు’ అన్న మాట బహుశా ఇక్కణ్నుంచే పుట్టి ఉంటుంది. నరంలోకి ఒక్కసారిగా ఎక్కించే కాల్షియం వేరు, రాగి జావ వేరు. వంద గ్రాముల రాగుల్లో సుమారు 350 మి.గ్రా., వంద మిల్లీలీటర్ల పాలలో సుమారు 120 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. మనవాళ్లకు భారత వైద్య పరిశోధన మండలి చెప్పే రోజువారీ మోతాదు 1000 మి.గ్రా. అంతవరకు తినడానికి ఆమ్లోడిపిన్ ఏమీ అడ్డు కాదు.

ఇక వాపు. ఇది ఆమ్లోడిపిన్‌కు బాగా తెలిసిన దుష్ఫలితం, డోసును బట్టి పెరుగుతుంది. 5 మి.గ్రా.తో వందలో ముగ్గురికి వస్తే 10 మి.గ్రా.తో పదిమందికి పైగా వస్తుందని కంపెనీ ప్రయోగాల్లోనే తేలింది. ఆడవాళ్లలో ఇంకాస్త ఎక్కువ. డోసు పెంచాకే మొదలైందని మీరు రాశారు కాబట్టి లెక్క సరిపోతోంది.

కారణం ఇదీ. ఆమ్లోడిపిన్ చిన్న ధమనులను వదులు చేస్తుంది, సిరలను పెద్దగా వదులు చెయ్యదు. మీ డెల్టాలో చూసేదే, పైన తూము పూర్తిగా ఎత్తేసి కింద మురుగు కాలువ బాగుచెయ్యకపోతే చేలో నీళ్లు నిలుస్తాయి. మధ్యలో ఉన్న కేశనాళికల్లో ఒత్తిడి పెరిగి ద్రవం చుట్టూ ఉన్న కణజాలంలోకి ఊరుతుంది. నిలబడితే, కూర్చుంటే భూమ్యాకర్షణ తోడై చీలమండల దగ్గర చేరుతుంది, రాత్రి పడుకుంటే తగ్గుతుంది. ఒంట్లో నీరు ఎక్కువై వచ్చిన వాపు కాదిది, ఉన్న నీరే చోటు మారింది. అందుకే మూత్రం ఎక్కువ పోయించే మాత్రలు దీనికి పెద్దగా పనిచెయ్యవు. మందుల షాపులో అడిగి ఫ్యూరోసెమైడ్ తెచ్చి వేసెయ్యడం మన దగ్గర మామూలే. దాంతో వాపు అంతంతమాత్రంగా తగ్గి పొటాషియం పడిపోతుంది, మూత్రపిండాల మీద భారం పడుతుంది. ఒక మందు చెరుపుకు ఇంకో మందు, దాని చెరుపుకు మరోటి. ఆ వరస మొదలుపెట్టకండి.

డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు మూడు రోజులు ఇలా చూడండి. చీలమండ ఎముకకు పది సెంటీమీటర్లు పైన పెన్నుతో గుర్తు పెట్టి, దర్జీ టేపుతో పొద్దున లేవగానే ఒకసారి, సాయంత్రం ఆరింటికి ఒకసారి రెండు కాళ్లూ కొలిచి రాయండి. ముంగాలి ఎముక మీద బొటనవేలితో పది సెకన్లు నొక్కి గుంట పడుతోందేమో చూడండి. రెండు కాళ్లలో ఒకేలా, సాయంత్రం ఎక్కువై పొద్దున తగ్గితే మాత్ర వాపు అనుకోవచ్చు. ఒక్క కాలే వాచి పిక్కలో నొప్పి, వేడి ఉంటే సిరలో రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, రెండు మూడు రోజుల్లోనే రెండు కిలోల బరువు పెరగడం ఉంటే గుండె సంగతి చూడాలి. పొద్దున్నే ముఖం ఉబ్బి, మూత్రం నురగ కడుతుంటే మూత్రపిండాలు. షుగరు ఉంది కాబట్టి వాపు ఎలా ఉన్నా మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి, రక్తంలో క్రియాటినిన్ ఒకసారి చేయించడం మంచిది.

ఆయన వేసుకునే మాత్రల అట్టలన్నీ తీసుకెళ్లండి, కాగితం మీద రాసుకెళితే సరిపోదు. వాపు తెప్పించేవి ఇంకా ఉన్నాయి. షుగరుకు వాడే పయోగ్లిటజోన్ ఒకటి, అది కొన్ని కలగలుపు మాత్రల్లో మూడో మందుగా ఉంటుంది. కీళ్లనొప్పులకు వేసుకునే డైక్లోఫినాక్ లాంటివి వాపునూ తెస్తాయి, బీపీనీ పెంచుతాయి. అరికాళ్ల మంటలకు ఇచ్చే ప్రెగాబలిన్, గాబాపెంటిన్ కూడా చూడండి. ఇవి పనిచేసేది ఇందాక గుర్తుంచుకోమన్న ఆల్ఫా-2-డెల్టా మీదే, వీటితోనూ కాళ్లు వాస్తాయి. అట్ట మీద ‘ఎస్-ఆమ్లోడిపిన్’ అని ఉందేమో కూడా చూడండి. అది 2.5 మి.గ్రా. అంటే మామూలు ఆమ్లోడిపిన్ 5 మి.గ్రా.తో సమానం. రెండు వేర్వేరు అట్టల్లో రెండుసార్లు ఆమ్లోడిపిన్ వేసుకుంటున్నవాళ్లు అరుదేమీ కాదు. టెల్మిసార్టాన్ అనే మరో బీపీ మందు పేరు పక్కన ‘ఏఎం’ అని ఉంటే సాధారణంగా లోపల ఆమ్లోడిపిన్ ఉన్నట్టే.

డాక్టరు గారు చెయ్యగలిగేవి కొన్ని ఉన్నాయి. ఆమ్లోడిపిన్‌ను మళ్లీ 5కి దించి టెల్మిసార్టాన్ గానీ రామిప్రిల్ గానీ కలపడం మాకు అన్నిటికన్నా సబబుగా తోస్తుంది. అవి సిరల వైపునూ వదులు చేస్తాయి కాబట్టి వాపు తగ్గుతుంది, బీపీకి రెండో ఆసరా దొరుకుతుంది, షుగరు ఉన్నవాళ్లకు మూత్రపిండాలకు కూడా మేలు. అవి మొదలుపెట్టిన ఒకటి రెండు వారాలకు క్రియాటినిన్, పొటాషియం చూస్తారు. ఇంకో దారి సిల్నిడిపిన్‌కు మార్చడం. అది ఎల్-రకంతోపాటు నరాల చివర్లలోని ఎన్-రకాన్నీ నెమ్మదింపజేస్తుంది, సిరలు కూడా కొంత సడలి వాపు తక్కువగా వస్తుంది. ఏది మార్చినా వాపు మర్నాటికే పోదు. ఆమ్లోడిపిన్ సగం తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. వారం, రెండు వారాలు ఓపిక పట్టాలి. ఈలోగా మధ్యాహ్నం అరగంట, రాత్రి పడుకునేటప్పుడు కాళ్ల కింద దిండు పెట్టుకోమనండి. బిగుతు మేజోళ్లు మాత్రం డాక్టరు కాళ్ల నాడి చూసి సరేనంటేనే. షుగరువాళ్లకు కాళ్ల ధమనులే సన్నబడి ఉంటే అవి కీడు చేస్తాయి.

రోజు విడిచి రోజు వేసుకుంటున్నా బీపీ బాగానే ఉందని నాన్నగారు అంటూ ఉండొచ్చు. దానికీ ఆ 30–50 గంటలే కారణం. మందు ఒంట్లో మెల్లగా అడుగంటుతుంది, బీపీ మెల్లగా ఎక్కుతుంది, తలనొప్పి లాంటి సూచనేదీ ఉండదు. ఒకరోజు మరిచిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోవచ్చు. పన్నెండు గంటలు దాటిపోతే వదిలేసి మర్నాడు మామూలు వేళకు ఒక్కటే వేసుకోవాలి, రెండు కలిపి కాదు. తిన్నాక వేసుకున్నా తినకముందు వేసుకున్నా తేడా లేదు. ఇంట్లో బీపీ చూసేటప్పుడు ఐదు నిమిషాలు వీపు ఆనించి కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి, నిమిషం తేడాతో రెండుసార్లు చూడండి.

ఆమ్లోడిపిన్‌తో చిగుళ్లు ఉబ్బడం కూడా కొందరిలో కనిపిస్తుంది. పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఈ మాత్ర పేరు చెప్పమనండి. కొలెస్టరాల్‌కు సిమ్వాస్టాటిన్ వాడుతుంటే అది రోజుకు 20 మి.గ్రా. దాటకూడదు. క్లారిత్రోమైసిన్, ఇట్రాకొనజోల్ లాంటివి ఎవరైనా రాస్తే బీపీ మాత్ర సంగతి ముందే చెప్పండి. కాలేయంలో ఆమ్లోడిపిన్‌ను కరిగించే ఎంజైమును అవి అడ్డుకుంటాయి, బీపీ మరీ దిగిపోవచ్చు. తామరకు ఇట్రాకొనజోల్ వారాల తరబడి ఇస్తున్న రోజులు కదా, ఇది తరచుగా ఎదురయ్యేదే.

అమ్మగారి మాత్రలకు వద్దాం. థైరాయిడ్ మాత్ర, కాల్షియం మాత్ర రెండూ పొద్దున్నే అన్నారు. కడుపులో కాల్షియం థైరాయిడ్ మాత్రలోని మందు థైరాక్సిన్‌ను పట్టేసుకుంటుంది, అది రక్తంలోకి ఎక్కదు. రెండింటి మధ్య నాలుగు గంటలు ఎడం ఉండాలి. థైరాక్సిన్ పొద్దున లేవగానే ఖాళీ కడుపుతో మంచినీళ్లతోనే, కాఫీ, టిఫిను అరగంట నుంచి గంట తర్వాత. కాల్షియం కార్బొనేట్ అయితే మధ్యాహ్నం గానీ రాత్రి గానీ అన్నంతోపాటు, ఎందుకంటే అది కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి. రోజూ గ్యాస్ మాత్ర వేసుకునే అలవాటుంటే సిట్రేట్ రకానికి మార్చమని అడగండి. ఒకసారికి 500 మి.గ్రా. కాల్షియం మించకుండా చూసుకోవాలి, అంతకుమించి వేసుకున్నా పీల్చుకునే వంతు తగ్గిపోతుంది. ఐరన్ మాత్ర ఉంటే దాన్ని ఈ రెండింటికీ దూరంగా మరో పూటకు మార్చండి. 60,000 యూనిట్ల విటమిన్ డి పొడి వారానికొకటి చొప్పున వాడమని రాసిన గడువు దాటాక ఇంకా కొనసాగిస్తున్నారేమో చూడండి. రక్తంలో కాల్షియం నిజంగా ఎగబాకేది అలాంటి వాటితోనే.

వేళలు మార్చిన ఆరు వారాలకు అమ్మగారికి థైరాయిడ్ డోసు సరిపోతోందో లేదో చెప్పే టీఎస్‌హెచ్ రక్తపరీక్ష చేయించండి. కాల్షియం అడ్డుపడుతుండగానే ఇన్నాళ్లూ థైరాయిడ్ డోసు పెంచుకుంటూ వచ్చి ఉంటే, ఇప్పుడు అదే డోసు ఎక్కువైపోతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్రపట్టకపోవడం మొదలైతే ఆరు వారాలు ఆగకుండా వెంటనే చూపించండి.